జీడిమెట్ల షెడ్డులో మంచు

రవికిరణ్ ఒక్కచోట రెండు నిమిషాలు నిలబడితే కాళ్ల కింద మంచు పేరుకునేది. పొద్దున్నే అతను పళ్లు తోముకుని వచ్చాక, భార్య ప్రవీణ బాత్రూము గచ్చు మీద వేణ్ణీళ్లు పోసేది. లిఫ్టు దగ్గర కనిపిస్తే ఎదురింటివాళ్లు, "జర పక్కకు నిలబడన్నా, పిల్లలు జారుతరు" అనేవాళ్లు.

ఆ మంచు మీదే అతను ఐస్ హాకీ నేర్చుకున్నాడు. పదకొండేళ్లు దేశం జట్టుకు ఆడాడు. మోకాలు పోయాక కొత్తగూడ దగ్గర ఒక మాల్‌లో ఉన్న ఐస్ స్కేటింగ్ రింకులో కోచ్‌గా చేరాడు. ఏప్రిల్లో ఆ రింకు మూసేశారు. పిల్లలు తలో ఆటకు వెళ్లిపోయారు. గోల్‌కీపర్ నీహారిక ఒక్కతే మిగిలింది. జూనియర్ జట్టు ఎంపికకు ఇంకా ఇరవై రోజులున్నాయి.

జీడిమెట్లలో మూతబడ్డ మందుల కంపెనీ షెడ్డు ఒకటి అడిగి తీసుకున్నాడు. రోజూ పొద్దున చెప్పులు విప్పి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మెల్లగా నడిచేవాడు. వెనకే మంచు పరుచుకునేది. పదింటికి నీహారిక స్కేట్లు కట్టుకుని, అతను కర్రతో కొట్టిన రబ్బరు పక్‌లను ఆపేది. మూడింటికల్లా రేకుల వేడికి అంతా నీళ్లయిపోయేది. మర్నాడు మళ్లీ మొదటి నుంచి.

అంత మంచు అతను ఎన్నడూ వెయ్యలేదు. వారం తిరిగేసరికి కాలివేళ్లు నల్లబడ్డాయి. దవాఖానలో డాక్టరమ్మ ఆ వేళ్లను సూదితో గుచ్చింది. అతనికి తెలియలేదు.

"మంచు వెయ్యడం ఆపండి. లేకపోతే పాదాలు తీసెయ్యాల్సి వస్తుంది" అంది.

"ఆపేస్తారు కదండీ?" తిరిగొస్తుంటే ఆటోలో ప్రవీణ అడిగింది.

అతను బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు నీహారిక ఆ వేళ్లు చూసింది. "ఇగ చాలు సార్. వచ్చే ఏడు పోత."

"వచ్చే ఏడు నీకు వయసు దాటుతది. పో, గోల్‌ల నిలబడు."

ఏడుస్తూనే నిలబడింది. ఆ రోజు ఒక్క పక్ కూడా ఆపలేకపోయింది. తెల్లారి అతను ఇంకో గంట ముందే వచ్చి నడిచాడు.

ఎంపిక రోజున ఆమె హిమాచల్‌లో ఉంది. అతను ఆపరేషనై మంచం మీద ఉన్నాడు. సాయంత్రం ఫోను వచ్చింది.

"నా పేరొచ్చింది సార్" అంది నీహారిక.

"మంచిది. మోకాళ్లు పైలం" అని ఫోను ప్రవీణకిచ్చేశాడు.

కాసేపటికి, "పాదాలకు చలి పెడుతున్నది" అన్నాడు.

ప్రవీణ అతని ముఖంలోకి చూసింది. దుప్పటి కిందికి లాగి, మంచం చివర ఖాళీగా ఉన్న చోట కప్పింది.