చెప్పులు మాత్రమే పడ్డ వార్త

ముప్పై ఒక్కేళ్లు మా లోకల్ టీవీ స్టేషన్‌లో కెమెరా మోశాను. మోసి మోసి నా కుడిభుజం ఎడమదానికంటే రెండంగుళాలు కిందికి దిగింది. దర్జీ నా చొక్కాకి రెండు కొలతలు తీసుకుంటాడు. ఒకసారి వరదలో మెడలోతున నిలబడి తీస్తుంటే, ఓ చేప లెన్సులోకి చూసి మీసం సర్దుకుంది. నమ్మకపోతే మానండి. కొత్తమ్మాయీ నమ్మలేదు.

కొత్తమ్మాయంటే మా దగ్గరికి మూడు నెలల ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన పిల్ల. జీతం లేదు, కుర్చీ కూడా లేదు. ప్రింటర్ పక్కన అట్టపెట్టె మీద కూర్చునేది. ఇలా ఊరికే పనిచేయడంలో ఆమెకి ఇది మూడోచోటు. నాలుగోదంటే కాళ్లు విరగ్గొడతానని వాళ్లమ్మ చెప్పేసిందట. మా చీఫ్ కూడా తేల్చేశాడు: "శుక్రవారం నీ ఆఖరి రోజు. ఆ రోజు ఏడింటి వార్తల్లో నీ సొంత వార్త ఒకటి పడితే సోమవారం నుంచి ఉద్యోగం. లేదంటే సర్టిఫికెట్ తీసుకుని దయచెయ్యి."

ఆ శుక్రవారం మధ్యాహ్నం, తొమ్మిది రోజులుగా కుళాయి రాని ఓ వీధికి వెళ్లాం. ఎండ మాడ్చేస్తోంది. వ్యాన్ దిగేసరికే నా మోకాళ్లు మొరాయించాయి. ట్యాంకరు దగ్గర బకెట్లతో నిలబడ్డ ఆడవాళ్లని నలుగురిని కొత్తమ్మాయి మాట్లాడించింది. తర్వాత పంపుహౌస్ మేస్త్రీని అడిగితే, మైకులో గంభీరంగా, "రెండ్రోజుల్లో వచ్చేస్తాయి" అన్నాడు.

"అయిపోయింది" అని నేను బటన్ నొక్కి కెమెరా దించాను. మేస్త్రీ మెట్టు మీద కూలబడ్డాడు.

"అసలు సంగతి చెప్పనా అమ్మా? మోటారు కాలిపోయింది. కొత్తది రావాలంటే నెల. నేనన్నానని తెలిస్తే మా ఇంజనీరు నన్ను ఇంటికి పంపిస్తాడు. నీలోనే ఉంచుకో."

నాలుగింటికి స్టేషన్‌కి చేరాం. ఎడిటింగ్ చేసే ఆవిణ్ణి మేమంతా కత్తెరక్క అంటాం. కెమెరాలోని కార్డు పెట్టి చూసింది. తెర నిండా చెప్పులు. ఆడవాళ్ల చెప్పులు, నా చెప్పులు, మట్టి.

కెమెరాకి ఉండేది ఒకటే బటన్. ఒకసారి నొక్కితే నడుస్తుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. నడుస్తున్నంతసేపూ ఓ ఎర్రచుక్క వెలుగుతుంది. వ్యాన్ దిగేటప్పుడే నా చెయ్యి దాని మీద పడినట్టుంది. అక్కణ్ణుంచి అంతా తలకిందులు. మనుషులు మాట్లాడుతున్నప్పుడు ఆగింది, కెమెరా దించినప్పుడల్లా నడిచింది. చెమటకి మసకేసిన కళ్లద్దాల్లోంచి నాకా చుక్క ఆనలేదు.

"ఏం బాబాయ్! చేప మీసం కనిపించింది గానీ ఎర్రచుక్క కనిపించలేదా?" అంది కత్తెరక్క.

ఇంతలో తెర మీద మేస్త్రీ చెప్పులొచ్చాయి, తెగిన వారుకి రాగితీగ చుట్టిన చెప్పులు. గొంతు గంటలా వినిపించింది: "మోటారు కాలిపోయింది..."

"అక్కా, ఆపు!" అంది కొత్తమ్మాయి.

అప్పటికే చీఫ్ గుమ్మంలో ఉన్నాడు. "ఎందుకాపడం? అదే వార్త. అదే వెయ్యండి."

"కెమెరా ఆగిందనుకుని చెప్పాడండీ. బాబాయ్ మొదటి వారమే చెప్పారు, 'అయిపోయింది' అన్నాక వచ్చిన మాట మనది కాదని."

"అయితే నీ దగ్గర ఇంకేముంది?"

"చెప్పులున్నాయండీ."

చీఫ్ నావైపు తిరిగాడు. ఇలాంటప్పుడు నా నోట్లో కథలు క్యూ కడతాయి. ఆ వేళ ఒక్కటీ రాలేదు. "తప్పు నాది. ఆ పిల్లది కాదు" అన్నాను.

"ఆరున్నరకల్లా ఏదో ఒకటి చూపించండి" అని వెళ్లిపోయాడు.

మళ్లీ వెళ్దామంటే వ్యాన్ ఇంకో పని మీద పోయింది. కొత్తమ్మాయి మేస్త్రీకి ఫోన్ చేసి, "పేరు లేకుండా వాడుకోమంటారా?" అని అడిగింది. ఆయన ఒక దణ్ణం పెట్టి ఫోన్ పెట్టేశాడు. దణ్ణం ఫోన్లో ఎలా కనిపించిందంటారా? గొంతులోనే ఉంది లెండి.

అప్పుడు ఇంజనీరుకే చేసింది. మోటారు మాటెత్తలేదు. "కుళాయి ఏ తేదీన వస్తుందండీ?" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఆయన దగ్గాడు.

కత్తెరక్క టీ కూడా ముట్టకుండా అతికించింది. మేస్త్రీ చెప్పులు తీసేసి, ఆడవాళ్ల పాదాలూ, బకెట్లు ఈడ్చిన చప్పుడూ ఉంచింది. పైన కొత్తమ్మాయి గొంతు: తొమ్మిది రోజులైంది, ఏ తేదీన వస్తాయని మూడుసార్లు అడిగాం, అధికారి చెప్పలేదు.

చీఫ్ రెండుసార్లు చూశాడు. "ముఖం ఒక్కటీ లేదు" అని గొణుక్కుంటూనే వాతావరణ వార్తలకి ముందు నలభై సెకన్లిచ్చాడు. పడింది.

"సోమవారం రా" అన్నాడు ఆమెతో. నాతో మాత్రం, "మీరు కాస్త లైబ్రరీ చూసుకోండి" అన్నాడు, నేలచూపులు చూస్తూ.

ఇప్పుడు పాత టేపుల దుమ్ము దులుపుతున్నాను. నా కుర్చీలో కొత్తమ్మాయి కూర్చుంటోంది. భుజం మీద బరువు లేదు గానీ, అది పైకి రానంటోంది. నిన్న కొత్తమ్మాయి గుమ్మంలో నిలబడి, "బాబాయ్, ఆ చేప కథ మళ్లీ చెప్పరూ?" అంది.

"ఓపిక లేదమ్మాయ్. రేపు రా" అన్నాను.