మేక అని రాసిన సీసా

పశువుకు అంటుకుని నెత్తురు తాగే పిడుదును గుంజకూడదు. గుంజితే ఒళ్ళు చేతికొస్తుంది, నోరు పశువు చర్మంలో ఉండిపోతుంది. నోరు లేని పిడుదు మా డాక్టరమ్మకు పనికిరాదు. చిన్న పట్టకారును చర్మానికి ఆనించి, మెల్లగా, నిటారుగా ఎత్తాలి.

ఈ పని నాకు ఆవిడే నేర్పింది. పశువుల జబ్బుల పరిశోధనశాలలో నేను ఆవుల్ని కదలకుండా పట్టుకునేవాణ్ణి. ఆవిడ కొత్తగా వచ్చిన పురుగుల డాక్టరు. ఆవు చెవి మడత విప్పి చూసి అంత సంబరపడిన మనిషిని నేనంతవరకు చూడలేదు. నన్ను "పెద్దన్నా" అనేది. గుమాస్తా మాత్రం "మూగన్న" అనేవాడు. అతని తప్పేమీ లేదు. రోజుకు పది మాటలంటే నాకు ఎక్కువే.

సాయంత్రం ఇంటికెళితే మా ఆవిడ గుమ్మం బయటే నిలబెట్టి చొక్కా కుట్లు తడిమేది.

"అందరి మొగుళ్ళూ పూలు తెస్తారు. నా మొగుడు పిడుదులు తెస్తాడు. అవీ ప్రాణాలతో!"

డాక్టరమ్మ గదిలో ఒకటే కిటికీ. దాని కింద సూక్ష్మదర్శిని, పక్కన స్పిరిటు వాసన కొట్టే సీసాలు. ప్రతి సీసాలోనూ పిడుదులతో పాటు ఒక చీటీ ఉండాలి, ఏ జంతువు, ఏ చోటు, ఏ తేదీ అని. పెన్సిలుతోనే రాయాలి, సిరా అయితే కరిగిపోతుంది. మూడో తరగతితో ఆగిన నా చేత ఆ చీటీలు రాయించింది ఆవిడే. అక్షరం వంకరపోయినా ఏమీ అనేది కాదు.

ఒక వానాకాలం ఒక మేకల మంద దగ్గరికి నన్ను ఒక్కణ్ణే పంపింది. ఒక మేక మీదా, కాపరి కుక్క మీదా పిడుదులు తీశాను. ఇంతలో వాన దంచింది. రెండు సీసాలూ చెరొక జేబులో వేసుకుని పాకలోకి పరిగెత్తాను. చీటీలు అక్కడ కూర్చుని రాసి వేశాను.

ఎనిమిది నెలల తర్వాత ఆవిడ నన్ను సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది.

"చూడు పెద్దన్నా, నువ్వు మంద నుంచి తెచ్చిన మేక సీసాలోది. ఈ రకం పిడుదు మేక మీద ఉంటుందని ఇంతవరకు ఎవరూ రాయలేదు. మనమే మొదలు. రేపు వ్యాసం పంపేస్తున్నా. ఇది అచ్చయితే నాకు వేరే ప్రయోగశాల ఇస్తామన్నారు, నువ్వూ అక్కడికే."

చూశాను. కాళ్ళు కనబడ్డాయి. ఆ తర్వాత పాక గుర్తొచ్చింది. ఏ జేబులో ఏ సీసా వేశానో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. లేచి వచ్చేశాను.

ఆ పూట కంచం ముందు నుంచి లేచిపోయాను. మా ఆవిడ అడిగి అడిగి చెప్పించింది. 

"ఇన్నాళ్ళూ మాట్లాడకపోతే నీ తీరే అంత అనుకున్నారు. ఇది కూడా మింగేస్తే దొంగతనం అంటారు. పొద్దున్నే వెళ్ళి చెప్పు."

వెళ్ళేసరికి డాక్టరమ్మ కవరుకు జిగురు రాస్తోంది.

"అమ్మా, ఆ మేక సీసా... కుక్కదేమో."

ఆవిడ చేతిలో జిగురు కుంచె ఆగిపోయింది.

"ఖాయంగా కుక్కదేనా?"

"ఖాయంగా చెప్పలేనమ్మా. అందుకే వచ్చాను."

 తిడుతుందని నిలబడ్డాను. తిట్టినా బాగుండేది. కవరులోంచి కాగితాలు తీసి సొరుగులో పెట్టింది.

"పట్టకారు తీసుకో. మంద దగ్గరికి పోదాం."

ఆ ఏడు రెండు వందల మేకలు చూశాం. చెవుల లోపల, తోకల కింద, గిట్టల సందుల్లో. కాపరికి మేమొక వేడుక.

"నా పెళ్ళాం నా తలలో కూడా ఇంత వెతకలేదమ్మా! ఏం పోగొట్టుకున్నారు?"

మేకల మీద వేరే పిడుదులే దొరికాయి. ఆ రకం ఒక్కటీ లేదు. ఆఖరి రోజు కుక్కను పట్టుకుని మెడ కింద వెంట్రుకలు విడదీశాను. పిడుదులు గుత్తులుగా ఉన్నాయి. ఆవిడ భూతద్దంతో చూసి అక్కడే గడ్డిలో చతికిలబడింది.

"ఆ సీసా కుక్కదే పెద్దన్నా."

ఆ ప్రయోగశాల ఇంకెవరికో పోయింది. ఆవిడ అదే గదిలో, అదే కిటికీ కింద పని చేసింది. మేకల మీద దొరికిన వాటి గురించి రెండు పేజీలు రాస్తే అచ్చయ్యాయి. గుమాస్తా "రెండు వందల మేకలకు రెండు పేజీలా?" అని నవ్వాడు. నా తప్పని ఆవిడ అతనికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

తర్వాత పంతొమ్మిదేళ్ళు కలిసి పనిచేశాం. వ్యాసం ఎక్కడికి పంపాలన్నా ముందు నన్ను పిలిచేది. కాగితాలు కవరులో పెట్టి, మూత తెరిచే ఉంచి అడిగేది.

"ఏమైనా చెప్పాలా పెద్దన్నా?"

నేను తొందరపడేవాణ్ణి కాదు. ఎండలో ఏ సీసా, నీడలో ఏ సీసా, ఏది ఎవరి చేతిలో ఉందో అంతా ఒకసారి తలచుకునేవాణ్ణి. ఆవిడ కుంచె పట్టుకుని, నేను తేల్చుకునేదాకా ఎదురుచూసేది.

"ఏం లేదమ్మా. అంటించెయ్యండి."