కత్తిరించేసిన అంచు

ఫోటో స్టూడియోలో ఉదయం నుంచీ కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది ఆ పిల్ల. ఒక పెద్దాయనకు పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తూ ఒక చెవి ఎగరగొట్టేసింది.

"చెవి లేకుండా విమానం ఎక్కనిస్తారంటావా అమ్మాయ్?" అన్నాడాయన.

లైట్లు సర్దుతున్న తండ్రి తలెత్తి చూశాడు. కంప్యూటరు పనంతా కూతురిదే. చేయి తిరిగిన పిల్ల. ఆ చేతికి ఇవాళ ఏమైందో ఆయనకు అంతుపట్టలేదు.

ఏమైందో నేను చెబుతాను. రేపు జైలుకు వెళ్లి ఒకణ్ణి కలవడానికి ఆమెకు అనుమతి దొరికింది. ప్రేమించిన అమ్మాయి ఇక వద్దన్నందుకు ఆమెను చంపి శిక్ష పడ్డవాడు. తీర్పు రోజున వాడు బేడీల చేతులతో జుట్టు వెనక్కి తోసుకుని, పక్కకు తిరిగి చిన్నగా నవ్వుతూ కోర్టు మెట్లెక్కాడు. వార్తల్లో వచ్చిన ఆ నడక వీడియోను నెమ్మది చేసి, విషాదపు పాట తగిలించి ఫోన్లలోకి వదిలింది ఈ పిల్లే. లక్షలమంది చూశారు. "ఆ నవ్వు వెనక ఎంత బాధో" అని ఒకతె, "పాపం, వాణ్ణి ఎవరూ సరిగ్గా ప్రేమించలేదు" అని ఇంకొకతె. మెచ్చుకోళ్లు వచ్చేకొద్దీ ఇంకో వీడియో, ఇంకో పాట. చివరికి తను చేసిన బొమ్మ మీద తనే మనసు పడింది. ఎన్నేళ్లయినా ఎదురుచూస్తానని వాడికి మాట ఇచ్చి రావాలని నిశ్చయించుకుంది. చనిపోయిన అమ్మాయి ముఖం ఎలా ఉంటుందో మాత్రం ఎన్నడూ వెతకలేదు. దూరపు కొండలు నునుపని పెద్దలు ఊరకే అన్నారా? ఆ కొండలను ఇంకాస్త నున్నగా చెక్కి అరచేతిలో పెట్టే ఫోన్లు ఇప్పుడు ఇంటింటా ఉన్నాయి.

మధ్యాహ్నం ఒక నడివయసు ఆమె వచ్చి తన ఫోనులో ఒక ఫోటో చూపించింది. నలుగురు అమ్మాయిలు భుజాల మీద చేతులు వేసుకుని నవ్వుతున్నారు.

"ఈ చివరనున్నది మా అమ్మాయి. గోడకు పెట్టుకోవాలి, పెద్దది చేసివ్వు తల్లీ."

"మిగతావాళ్లను కత్తిరించేయనా ఆంటీ?"

"వద్దు. ఎవర్నీ తీసేయకు." అందామె. "నన్ను అలాగే తీసేశారు. తీర్పు రోజు దీని ఫోటో పట్టుకుని కోర్టు మెట్ల దగ్గరే నిలబడ్డాను. ఫోన్లలో తిరిగేదాంట్లో నేను లేను. వాడొక్కడే ఉన్నాడు, పాటతో సహా."

ఫోను తెరకు సరిపోవాలని ఆ వీడియో కుడి అంచు కోసేసిన సంగతి పిల్లకు గుర్తొచ్చింది. ఎవరో ఆవిడ అడ్డంగా ఉందని విసుక్కుంది కూడా. అసలు వీడియో తెరిచింది. అంచున ఈమే ఉంది, ఫోటో గుండెకు హత్తుకుని. వాడు తిరిగింది ఈమె వైపే. నవ్వింది ఈమెను చూసే.

"ఇది చేసింది నేనే ఆంటీ" అంది. "రేపు వాణ్ణి చూడ్డానికి కూడా..."

తండ్రి చేతిలోని లైటు కింద పెట్టేశాడు. ఆ తల్లి తిట్టలేదు, ఓదార్చనూ లేదు. తెర మీద వాడి ముఖాన్ని చూసింది.

"బాగుంటాడు తల్లీ. మా పిల్లా మొదట అదే అంది."

ఫోటో తీసుకుని ఆమె వెళ్లిపోయింది. మర్నాడు పిల్ల జైలుకు వెళ్లలేదు. పాట తీసేసి, నడక వేగం సరిచేసి, ఆ వీడియోను అంచులతో సహా మళ్లీ పెట్టింది. వెంటనే ఎవరో అమ్మాయి రాసింది: "పక్కన ఆవిడెవరు, అడ్డంగా? తీసేయ్ అక్కా."

పిల్ల కళ్లు తుడుచుకుని జవాబు రాసింది: "వాడు చంపిన అమ్మాయికి తల్లి. వాణ్ణి చూసి మనసు పారేసుకునే ముందు ఈమెను చూడు చెల్లీ."