గుండీల డబ్బా

ఆ వీధిలో ఆమెను అందరూ కత్తెరక్క అంటారు. ఇరవై రెండేళ్ళుగా మెట్ల కింద ఆ ఇరుకు గదిలో, అదే మిషను మీద, ప్యాంట్ల అంచులు మడిచి, పాడైన జిప్పులు మార్చి, లావెక్కినవాళ్ళ చొక్కాలు వదులు చేసి, చిక్కిపోయినవాళ్ళవి బిగించి సంసారాన్ని లాక్కొస్తోంది. ఆమె భర్తను మేనేజరుగారు అంటారు. ఆయన పనిచేసిన ప్రింటింగ్ ప్రెస్సు మూతపడి నాలుగేళ్ళయింది. అప్పటినుంచీ భార్య షాపు గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తూ కూర్చుంటాడు. కుట్టేది ఆమె, కూర్చునేది ఆయన. మేనేజరు అన్న పేరు ఎవరు పెట్టారో గానీ వాళ్ళ నోట్లో చక్కెర పోయాలి.

ఆ రోజు పొద్దున్నుంచీ కత్తెరక్కకు ఒళ్ళు మండుతోంది. కారణం కొక్కేనికి వేలాడుతున్న నీలం యూనిఫారం. అది ఎదురు ఆస్పత్రిలో పనిచేసే నర్సుది. చేతుల పొడవు తగ్గించి ఇచ్చిన బట్ట, మర్నాడే తిరిగొచ్చింది. నీలం గుడ్డకు నల్లదారం పడింది. పైగా కుట్టు వంకర. "ఏంటక్కా, చూసుకోకుండా కుట్టేస్తే ఎలా?" అని ఆ పిల్ల మెల్లగానే అంది. కానీ ఇరవై రెండేళ్ళలో వెనక్కి వచ్చిన మొదటి బట్ట అది. కత్తెరక్కకు తల కొట్టేసినట్టయింది.

చూసుకోకేం, చూసుకునే కుట్టింది. కళ్ళు ఆనితే కదా. ఆరు నెలలుగా సూది బెజ్జం మసకేసిపోయింది. కళ్ళజోడు కావాలని భర్తను మూడుసార్లు అడిగింది. మొదటిసారి "ఎందుకు? బాగానే కుడుతున్నావుగా" అన్నాడు. రెండోసారి "వచ్చే నెల చూద్దాంలే" అన్నాడు. మూడోసారి "ఎంతవుతుందో షాపువాణ్ణి రాసిమ్మను, నేను మాట్లాడతా" అన్నాడు. ఆ వచ్చే నెలలోనే ఆయన తనకో కొత్త ఫోను కొనుక్కున్నాడు. పాతది నత్తలా నడుస్తోందట.

ఇంతకీ తన కష్టార్జితం కోసం తానే చెయ్యి చాపాల్సిన గతి ఎలా పట్టింది? రెండేళ్ళ కిందటిదాకా ఎవరు బట్ట తీసుకెళ్ళినా నోటో చిల్లరో ఆమె చేతిలో పెట్టేవాళ్ళు. అది మిషను పక్కనున్న పాత బిస్కెట్ల డబ్బాలోకి, గుండీల మధ్యకు వెళ్ళేది. దారం ఉండలు కొన్నా, కూతురికి పుస్తకాలు కొన్నా, చెల్లెలికి ఒంట్లో బాగాలేనప్పుడు కాస్త సర్దినా అందులోంచే. ఎందుకని అడిగినవాడు లేడు.

ఒకరోజు ఎవడో కుర్రాడు వచ్చి గళ్ళగళ్ళ స్టిక్కరు అంటిస్తానన్నాడు. ఫోను చూపిస్తే చాలు, డబ్బులు వాటంతటవే వచ్చి పడతాయన్నాడు. "ఎవరి నంబరు ఇవ్వమంటారు?" అని అడిగాడు. ఆ సమయానికి కత్తెరక్క నోటి నిండా గుండుసూదులు. ఒక్కోటీ తీసి మాట్లాడేలోపు మేనేజరుగారు తన నంబరు గడగడా చెప్పేశాడు. ఆమె చూసిన చూపుకు నవ్వి, "నా ఫోనైతే ఏం, నీ ఫోనైతే ఏం, ఇద్దరిదీ ఒకటే కదా" అన్నాడు.

ఏడాది తిరిగేసరికి నోటు తీసేవాళ్ళే కరువయ్యారు. డబ్బాలో గుండీలు మిగిలాయి. గోడమీద ఇంకో చిన్న డబ్బా వెలిసింది. ఎవరైనా డబ్బు కట్టగానే అందులోంచి ఒక ఆడగొంతు, తేనె పూసినట్టు, ఎంత జమ అయిందో చెబుతుంది. మిషను తొక్కేది కత్తెరక్క, ఆ గొంతు కబురు పెట్టేది మాత్రం మేనేజరుగారికి. కత్తెరక్క దానికి సవతి అని పేరు పెట్టింది.

పదిగంటలకు ఒక అమ్మాయి పట్టీ తెగిన భుజం సంచితో, చంకలో పలకలాంటి కంప్యూటరు పెట్టుకుని వచ్చింది. ఏదో సర్వే అట. పట్టీ కుట్టేలోపు నాలుగు ప్రశ్నలు అడుగుతానంది. కత్తెరక్క సూదిలోకి దారం ఎక్కించబోయి ఒకసారి తప్పింది, రెండుసార్లు తప్పింది. ఆ అమ్మాయి చూసి, "ఇలా ఇవ్వక్కా" అని తీసుకుని చిటికెలో ఎక్కించి ఇచ్చింది. కత్తెరక్కకు సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే కోపం తన్నుకొచ్చింది.

"వారంలో ఎన్నిసార్లు నోట్లు, చిల్లర ఇచ్చి కొంటారక్కా?" అని అమ్మాయి మొదలుపెట్టింది.

"ఒక్కసారి కూడా లేదమ్మా," అన్నాడు మేనేజరుగారు కుర్చీలో సర్దుకుంటూ. "మా ఇంట్లో నోటు మొహం చూసి ఏడాది దాటింది. కాలంతోపాటు మనమూ మారాలి కదా."

అమ్మాయి తెరమీద అది నొక్కింది. "నోట్లు వాడకపోవడానికి కారణం? సౌకర్యమా, భద్రతా, చిల్లర దొరక్కపోవడమా?"

"సౌకర్యం," అన్నాడాయన. "అంతకుమించిన సౌకర్యం ఇంకేముంది?"

సూది కత్తెరక్క వేలిలో దిగబడింది. ఆమె ఆ వేలు నోట్లో పెట్టుకుంది. ఎవరికి సౌకర్యం? కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా, ఒక్క కుట్టు వేయకుండా, జేబు నిండిపోయే సౌకర్యం ఎవరికి?

అమ్మాయి తెరమీద ఏదో చదివి కాస్త మొహమాటపడింది. "ఏమనుకోకండి సార్. షాపులో పని ఎవరు చేస్తారో వాళ్ళే జవాబు చెప్పాలని ఉందండి ఇక్కడ."

"నేను చెబుతున్నాగా. ఎవరు చెప్తే ఏముంది, ఇద్దరిదీ ఒకటే కదా."

"ఒకటి కాదు," అంది కత్తెరక్క. గొంతు పెంచలేదు. కానీ పదిహేనేళ్ళ కిందట కూతుర్ని ఒకడు అల్లరి పెడితే కత్తెర చేత్తో పట్టుకుని వీధిలోకి వెళ్ళినప్పటి గొంతు అది. మేనేజరుగారు కాలు మీద వేసుకున్న కాలు దించాడు.

"రాసుకో అమ్మాయ్. వారానికి ఒక్కసారి కూడా లేదు, అది నిజమే. ఇవ్వాలంటే ముందు నా చేతికి రావాలి కదా. దారం ఉండ కొనాలన్నా ఈయన్ని అడగాలి, అడిగితే ఎందుకంటారు. ఆరు నెలలుగా గుడ్డిదాన్నయి కుడుతున్నా. నిన్న బట్ట వెనక్కొచ్చింది. కారణాల్లో మొగుడు అని ఉందేమో చూడు."

అమ్మాయి నిజంగానే చూసింది. "లేదక్కా. చివర్లో 'ఇతరములు' అని ఉంది."

"అయితే అది కొట్టు. మా ఇంట్లో ఇతరములు ఆయనే."

అమ్మాయి నవ్వు ఆపుకోలేక తల దించుకుంది. మేనేజరుగారి మొహం కందగడ్డలా అయింది. "బయటివాళ్ళ ముందు ఏంటే ఈ వాగుడు?" అన్నాడు. కత్తెరక్క పట్టీ గట్టిగా రెండు వరసలు కుట్టి, దారం పళ్ళతో తెంపి సంచి చేతికిచ్చింది.

"ఎంతక్కా?"

"నలభై."

అమ్మాయి అలవాటుగా ఫోను ఎత్తింది. కత్తెరక్క లేచి స్టిక్కరు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. "నోటు ఉందా?"

అమ్మాయి సంచి అంతా వెతికింది. లోపలి జిప్పులో నాలుగు మడతలు పెట్టిన యాభై నోటు దొరికింది. "మా అమ్మ పెట్టింది. అవసరానికి ఉంటుందని," అంది.

చిల్లర ఇద్దామంటే డబ్బాలో గుండీలు తప్ప ఏమీ లేవు. "చూశావా? అందుకే ఫోనుండాలనేది," అన్నాడు మేనేజరుగారు గెలిచినట్టు. కత్తెరక్క అమ్మాయి చొక్కా వైపు చూసింది. మణికట్టు దగ్గర గుండీ ఊడి ఉంది. డబ్బాలోంచి అలాంటిదే వెతికి, ఇంకోసారి దారం ఎక్కించమని అడిగి, చొక్కా ఒంటి మీదుండగానే కుట్టింది. "లెక్క సరిపోయింది," అని ఆ నోటు డబ్బాలో వేసింది.

అమ్మాయి వెళ్ళగానే కుట్లు విప్పే చిన్న కత్తి తీసి స్టిక్కరు గీకడం మొదలుపెట్టింది. అది సులువుగా రాలేదు. గోళ్ళు విరిగినా వదలకుండా మొత్తం పీకేసింది. గుడ్డల మీద గుర్తులు పెట్టే సుద్దముక్కతో తలుపు మీద 'నోటిస్తేనే బట్ట' అని పెద్దగా రాసింది.

"మతి పోయిందా? గిరాకీ పోతుంది," అన్నాడాయన.

"పోతే నాకు పోయేదేముంది? వచ్చినప్పుడు నాకేమన్నా వచ్చిందా?"

గిరాకీ కొంత పోయింది కూడా. ఇద్దరు పక్కవీధికి వెళ్ళారు. ఒకాయన, ఈ కాలంలో నోట్లేంటి, చాదస్తం కాకపోతే అని తలుపు దగ్గరే ఉపన్యాసమిచ్చి వెళ్ళాడు. మిగిలినవాళ్ళు సణుక్కుంటూ నోట్లు తెచ్చారు. యూనిఫారం ఇంకా కాలేదా అని అడిగిన నర్సుతో, కొన్నాళ్ళు ఆగమ్మా, ఈసారి కళ్ళతో కుడతాను అంది. మేనేజరుగారు మాట్లాడటం మానేశాడు. సవతి గొంతు కూడా పడిపోయింది. గుడ్డివాటంగానే, రంగు దారాలు తలుపు దగ్గర వెలుతుర్లో పెట్టి పోల్చుకుంటూ కత్తెరక్క పన్నెండు రోజులు కుట్టింది.

పదమూడో రోజు డబ్బా చంకలో పెట్టుకుని కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళింది. పరీక్ష అయ్యాక షాపతను "కార్డా, ఫోనా?" అని అడిగాడు. ఆమె డబ్బా మూత తీసి బల్ల మీద బోర్లించింది. అతను చిల్లరలోంచి గుండీలు ఏరి వెనక్కి ఇచ్చాడు. గంటలో అద్దాలు బిగించి చేతిలో పెట్టాడు. ఎందుకని ఒక్క మాట అడగలేదు.

తిరిగొచ్చేసరికి మేనేజరుగారు గుమ్మంలోనే ఉన్నాడు. ఆమె మొహం మీది కళ్ళజోడు చూసి పన్నెండు రోజుల మౌనం కక్కేశాడు. "ఎంత తగలేశావ్? ఎవరి డబ్బనుకున్నావ్ అది? నన్నొక మాట అడగొద్దా?"

కత్తెరక్క కొక్కేనికున్న నీలం యూనిఫారం దించింది. నల్ల కుట్లు ఒక్కోటీ విప్పి, నీలం ఉండ ఏరి తీసింది. దారం మొదటిసారికే సూదిలోకి దూరింది.

"ఇద్దరిదీ ఒకటే కదండీ," అంది.

ఆయన ఇంకా ఏదో అడగబోయాడు. అప్పటికే ఆమె నోటి నిండా గుండుసూదులు పెట్టుకుని మిషను తొక్కుతోంది.