నీరజ తాలూకు

పొద్దున్నుంచి హజ్రా బీ ఫోను గొంతు చించుకుంటూనే ఉంది. అతి భారీ వర్షాలు, వాగులు దాటవద్దు, అప్రమత్తంగా ఉండండి. అప్రమత్తంగా ఉండమని ఈమెకొకరు చెప్పాలా? నెలలు నిండిన కూతురు ఆస్మాను ఇంట్లో పెట్టుకుని, మాచర్ల వైపు నల్లగా కమ్మిన మబ్బును చూసుకుంటూ రెండు రోజులుగా ఆమె చేస్తున్నది అదే. ఆసుపత్రి వాగుకు అవతల ఉంది. చప్టా మీదికి నీళ్లెక్కితే ఈ ఊరికి ఇక దారి లేదు. ఆటోవాళ్లు అప్పుడే రామని చేతులెత్తేశారు.

కానుపు దగ్గర పడ్డవాళ్లను ముందే ఆసుపత్రికి చేర్చమని పైనుంచి ఆర్డరు వచ్చిందనీ, బండి వస్తోందనీ ఆశా కార్యకర్త మల్లీశ్వరి చెప్పింది. హమ్మయ్య అనుకుని హజ్రా బీ బట్టలు సర్దింది. బండి వచ్చింది. వచ్చి, ఈమె గుమ్మం దాటుకుని తిన్నగా ఎదురింటి ముందు ఆగింది.

"నీరజ ఎవరండీ?" అన్నాడు డ్రైవరు.

నీరజ ఎదురింటి హనుమాయమ్మ కోడలు. నాదెండ్ల దగ్గర పుట్టింటికి కానుపు కోసం వెళ్లి నెల దాటింది. తొలి కానుపుకు ఎవరైనా పుట్టింటికే కదా వెళతారు! ఆ సంగతి ఆఫీసువాళ్లకు ఒక్కళ్లకే తెలియదు. పేరు అత్తగారి ఊళ్లో రాసుకున్నారు కాబట్టి మనిషి కూడా అత్తగారి ఊళ్లోనే పడి ఉండాలని వాళ్ల లెక్క.

"ఆ పిల్ల లేదు గానీ నా కూతురు ఆస్మా ఉంది. ఎక్కించుకో నాయనా" అంది హజ్రా బీ.

డ్రైవరు ఫోను పైకీ కిందికీ జరిపాడు. "ఆస్మా పేరు ఇక్కడ లేదమ్మా. వినుకొండలో ఉంది. అక్కడికి వేరే బండి పోయుంటది."

పోయింది కూడా. మాట పూర్తయ్యేలోపే వినుకొండ నుంచి అల్లుడు వసీం ఫోను చేశాడు. "అత్తా, ఇంటి ముందు బండి పెట్టుకోని ఆస్మాను పంపమంటన్నారు. లేదంటే ఇనట్లేదు. నన్నేం జెయ్యమంటావ్?"

"నువ్వెక్కి పో. పోయి ఆ మంచమ్మీద పడుకో" అని పెట్టేసింది హజ్రా బీ.

మల్లీశ్వరి ఆఫీసుకు ఫోను మీద ఫోను కొట్టింది. ఒకాయన వినుకొండవాళ్లను అడగమన్నాడు. వినుకొండవాళ్లు, మనిషి మీ దగ్గర ఉంటే మమ్మల్నెందుకు అడుగుతారన్నారు. ఇంకొకాయన పేరు మారుస్తానన్నాడు గానీ సైటు తెరుచుకోవడం లేదట. మల్లీశ్వరికి తల ప్రాణం తోకకొచ్చింది. డ్రైవరు మాత్రం ఇంజను స్టార్ట్ చేశాడు. చప్టా మునిగితే తను కూడా ఇక్కడే ఇరుక్కుపోతాడని అతని భయం.

హజ్రా బీ వెళ్లి బండికి అడ్డంగా నిలబడింది. వెనక ఆస్మా నడుం పట్టుకుని, "అమ్మీ, నొప్పిగా ఉందే" అంది.

"ఇదే నీరజ" అంది హజ్రా బీ.

"పిన్నీ, అట్టా జేస్తే నా ఉద్యోగం..." అంది మల్లీశ్వరి. అని, ఆస్మా మొహం చూసి బట్టల సంచి అందుకుంది.

అరుగు మీది నుంచి హనుమాయమ్మ కసురుకుంది. "నా కోడలి పేరేగా? వాడుకుంటే అరిగిపోద్దా ఏంది? ఎక్కించు హజ్రా, వాగు పొంగేదాకా సూత్తా నిలబడతావా?"

డ్రైవరు ఒకసారి మబ్బు వంక చూశాడు, ఒకసారి ఆస్మా కడుపు వంక చూశాడు. "నీరజేగా? ఫోటోకి ఇటు చూడమ్మా" అన్నాడు.

చప్టా మీద నీళ్లు చక్రాల సగం దాకా ఉన్నాయి. హజ్రా బీ కూతురి తలను ఒళ్లో దాచుకుని, తెలిసిన దువాలన్నీ చదివింది.

ఆస్మాను లోపలికి తీసుకువెళ్లాక బెంచీ మీద కూలబడింది. వచ్చినవాళ్లంతా ఇక చప్టా కనపడటం లేదనే చెబుతున్నారు. ఆమెకు అవేవీ తలకెక్కడం లేదు. చెవులు రెండూ లోపలే ఉన్నాయి.

నర్సు తలుపు తీసి, "నీరజ తాలూకు ఎవరు?" అంది. ఎవరూ లేవలేదు. కాసేపటికి మళ్లీ వచ్చి అదే అడిగింది. అప్పుడూ ఎవరూ కదల్లేదు.

హజ్రా బీకి ఒళ్లు మండింది. "ఏం మనుషులమ్మా! లోపల ఆడకూతురు నొప్పులు పడతంటే, టీ తాగను పోయారో ఏందో. పిలిచినా పలికే దిక్కు లేదు. ఇట్టాంటోళ్లకు పిల్లనెట్టా ఇచ్చారో" అంది పక్కావిడతో. ఆవిడ కూడా అవునంది.

ఈసారి నర్సు పసిగుడ్డును తీసుకునే వచ్చింది. "ఇందాకటి నుంచి పిలుస్తన్నా. నీరజ తాలూకు ఉన్నారా, లేరా?"

బిడ్డను చుట్టింది హజ్రా బీ స్వయంగా చించి ఇచ్చిన పాత చీర ముక్కలో.

"నేనేనమ్మా. ఆ బుద్ధిలేనిదాన్ని నేనే" అంటూ లేచింది. పక్కావిడ నోరు తెరుచుకుని చూసింది. ఆడపిల్ల, తల్లి బాగానే ఉందంది నర్సు. మనవరాలిని అందుకుని హజ్రా బీ వలవలా ఏడ్చింది.

అప్పుడే ఫోను మోగింది. హనుమాయమ్మ. శుభవార్త తనే ముందు చెప్పాలని హజ్రా బీ ఆత్రంగా ఎత్తింది.

"హజ్రా" అంది హనుమాయమ్మ. పొద్దుటి కసురు ఆ గొంతులో లేదు. "నాదెండ్ల కాడ మా నీరజకు నొప్పులొస్తన్నయ్యంట. ఊరి చుట్టూ నీళ్లంట. పడవన్నా పంపమని వాళ్ల నాయన ఆఫీసోళ్ల కాళ్లు పట్టుకుంటన్నాడంట. నీరజ పొద్దున్నే ఆసుపత్రిలో జేరింది గదా, ఫోటో గూడా ఉంది, మళ్లీ ఏ నీరజయ్యా అంటన్నారంట."

హజ్రా బీ లోపలికి వెళ్లిపోతున్న నర్సు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, లోపలున్నది నీరజ కాదు, ఆస్మా. నన్నేమన్నా తర్వాత అందువు గానీ, ముందు ఆ పేరు కొట్టేసి నాదెండ్లోళ్లకు ఫోను చెయ్యి. ఆ పిల్ల ఇంకా నీళ్ల మధ్యనే ఉంది."