ఎక్కుతుంటే వేడి, దిగుతుంటే చల్లన

వదిన ముప్పై ఏళ్ళు డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పింది. ఆ ముప్పై ఏళ్ళూ గంటకి నలభై కిలోమీటర్లు దాటని బండిలో, పక్క సీట్లో, రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంది. ఉద్యోగం మానేసిన మర్నాడు తిన్నగా వెళ్ళి ఒక పాత స్పోర్ట్స్ కారు కొనుక్కుంది. ఎర్ర రంగు, పొడుగాటి ముక్కు, రెండే సీట్లు. నేలకి ఎంత దగ్గరగా ఉంటుందంటే, అందులోంచి లేవాలంటే చెయ్యందించే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి చాలాసార్లు మరదలే అయ్యేది.

మరదలంటే వదిన భర్తకి చెల్లెలు. అదే ఇంట్లో పై వాటాలో ఉంటుంది. చెవి డాక్టరు గది పక్కనే ఒక ఇరుకు గదిలో కూర్చుని వినికిడి యంత్రాలు బాగుచేస్తుంది. గోరంత యంత్రాన్ని విప్పి, భూతద్దం కింద పెట్టి, మళ్ళీ బిగించి, గొట్టంతో విని చూస్తుంది. ఆ గొట్టం డాక్టర్ల స్టెతస్కోపు లాంటిదే. కాకపోతే చివర బిళ్ళ ఉండదు.

పాత కార్లున్నవాళ్ళంతా ఏడాదికొకసారి ఊరి బయట కొండ మీదికి బారులు తీరి వెళ్తారు. పద్నాలుగు మలుపులు. పైన ఒక కాఫీ హోటలు. కిందటేడు వదిన కూడా వెళ్ళింది. ఏసీ ఇరవై రెండు డిగ్రీల మీద పెడితే ఇరవై రెండే ఉంచాల్సిన కారు, నాలుగో మలుపులో వేడిగాలి వదలడం మొదలుపెట్టింది. అద్దాలు దించింది. ఫ్యాను ఆపింది. అయినా కాళ్ళ దగ్గర్నించి సెగ కొడుతూనే ఉంది. తొమ్మిదో మలుపు దగ్గర కళ్ళు తిరిగి బండి పక్కకి ఆపేసింది. వెనకాల వస్తున్న లావుపాటి మనిషి ఒకప్పుడు ఆమె దగ్గర నేర్చుకున్నవాడే. పరీక్ష మూడుసార్లు తప్పినవాడు. అతను పరుగున వచ్చి, తడి తువాలు ఆమె నెత్తిన వేసి, "టీచర్‌గారూ, మీరు పక్కకి జరగండి. నేను నడుపుతాను" అన్నాడు.

ఆ మాట ఆమెకి ఎండదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

అప్పటినించీ ఆ కారు మెకానిక్కుల చేతులు మారుతూనే ఉంది. అందరిలోకీ పేరున్నవాణ్ణి ఊళ్ళో చాటుగా "కంప్రెసర్" అంటారు. ఏ కారు తీసుకెళ్ళినా, ఏ జబ్బు చెప్పినా, అతను ఏసీ కంప్రెసర్ మార్చాలంటాడు. వదిన కారుకీ మార్చాడు. గ్యాసు నింపాడు. మళ్ళీ వేడిగాలే వచ్చింది. ఇప్పుడు మొత్తం డ్యాష్‌బోర్డు ఊడదీసి లోపలి కంట్రోల్ పెట్టె మార్చాలన్నాడు. ఆ పెట్టె ఎక్కడా దొరకదనీ అతనే చెప్పాడు.

"దీనికి ఆయుష్షు తీరిపోయింది మేడమ్. ఎవరికైనా ఇచ్చేయండి."

వదిన భర్తకి, అంటే మరదలి అన్నయ్యకి, ఆ మాట చెవుల్లో తేనె పోసినట్టుంది. ఆయన ఉద్యోగం లిఫ్టుల తనిఖీ. సరిగా పనిచేయని లిఫ్టుకి ఎర్ర కాగితం అంటించి మూయించేస్తాడు. ఇంట్లో వస్తువులకీ అదే చట్టం.

"నేను చెప్తే వినవు. పెద్ద మెకానిక్కే చెప్పాక ఇంకేముంది?" అన్నాడు భోజనాల దగ్గర.

వదిన పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది. ఈ ఏటి కొండ ప్రయాణానికి ఇంకా రెండు వారాలుంది. ఆమె అలా మాట్లాడకుండా తినడం మరదలు ఎన్నడూ చూడలేదు. చూసి ఊరుకోలేకపోయింది.

"వదినా, రేపు ఆ బండిని ఒకసారి నేను వింటాను."

"వింటావా? అదేమీ పాటలు పాడదమ్మాయ్."

"పాడకపోతే పోయింది. గొణుగుతుందేమో చూస్తాను."

మర్నాడు పొద్దున షెడ్డు తలుపు తీసిన అన్నయ్యకి ముందు రెండు కాళ్ళు కనిపించాయి. చెల్లెలు పక్క సీట్లో తలకిందులుగా పడుకుని ఉంది. పాదాలు సీటు వీపు మీద, తల డ్యాష్‌బోర్డు కింద. చెవుల్లో గొట్టం. ఇంజను నడుస్తోంది.

"ఏం చేస్తున్నావు?"

"ష్!" అన్నాయి రెండు గొంతులు ఒక్కసారే. రెండోది ముందు చక్రం పక్కన కూర్చున్న వదినది.

అన్నయ్య తలుపు మళ్ళీ వేసేశాడు.

మరదలు వెతుకుతున్నది ఒక బుసని. అంతకుముందు రాత్రి కారుతో వచ్చిన పాత పుస్తకం తిరగేసింది. ఆ కారులో గాలిదారులు తెరిచి మూసే రేకులకి కరెంటు మోటార్లు లేవు. ఇంజను గాలి పీల్చుకుంటుంది కదా, ఆ పీల్పునే సన్నటి రబ్బరు గొట్టాల్లోంచి తెచ్చి రేకుల్ని లాగుతారు, స్ట్రాతో పానకం పీల్చినట్టు. పీల్పు ఉన్నంతసేపూ రేకు చల్లగాలిని మొహం వైపు తిప్పుతుంది, వేడినీళ్ళ దారి మూసి ఉంచుతుంది. పీల్పు పోతే రేకులు వాలిపోతాయి. అప్పుడు గాలి ముందు అద్దానికి మళ్ళుతుంది, ఇంజనులో కాగిన నీళ్ళు లోపలి గొట్టాల్లోకి వచ్చేస్తాయి. స్ట్రాకి ఎక్కడో చిల్లు పడి ఉంటే?

చెవుల్లోని గొట్టం కొనని ఒక్కో రబ్బరు పైపు వెంటా పాకిస్తూ వెళ్ళింది. అరగంటకి దొరికింది. డ్యాష్‌బోర్డు అర వెనకాల, మడత పడ్డచోట, చీమ ఊపిరంత "స్స్స్".

"దొరికింది వదినా!"

పగిలిన ముక్క కోసేసి కొత్త గొట్టం తొడిగింది. మీట నొక్కింది. లోపల ఎక్కడో రేకు "టప్" మని తిరిగింది. చల్లటి గాలి ఇద్దరి మొహాల మీదా కొట్టింది. వదిన ఆ వయసులో చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. పది నిమిషాలు షెడ్డులోనే కూర్చుని చల్లగాలి తిన్నారు. ఆ తర్వాత ఊరంతా చూడాలన్నట్టు బయల్దేరారు.

పెద్ద వంతెన సగం ఎక్కారో లేదో, గాలి మొహాల మీదినించి జారి అద్దం మీదికి పోయింది. కాళ్ళకి సెగ తగిలింది.

వదిన చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. వంతెన నడినెత్తికి చేరి అటువైపు దిగడం మొదలుపెట్టాక, అడక్కుండానే చల్లగాలి తిరిగొచ్చింది.

"ఇంటికి పోదాం," అంది వదిన నీరసంగా. "మీ అన్నయ్య అన్నదే నిజం."

"ఆగు వదినా. మళ్ళీ ఎక్కు."

"ఏమిటి?"

"వంతెన మళ్ళీ ఎక్కు. చెప్తా."

మళ్ళీ ఎక్కారు. వేడి. దిగారు. చల్లన. ఎక్కారు. వేడి. ఏడోసారికి వంతెన కింద ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తి ఆపాడు.

"ఏమ్మా, ఇక్కడిక్కడే తిరుగుతున్నారు. ఏమైనా పోగొట్టుకున్నారా?"

"అవును బాబూ, గాలి," అంది వదిన.

అతను కారు వంక, వాళ్ళ వంక చూసి, "త్వరగా వెతుక్కోండి మరి," అని దారి వదిలాడు.

మరదలికి యంత్రం తెలుసు గానీ బండి నడపడం తెలియదు. తెలిసినది వదినకే. ఆమె బండిని రోడ్డు వార నిలిపి కళ్ళు మూసుకుంది. ముప్పై ఏళ్ళు ఎదుటివాళ్ళ కాళ్ళని గమనించిన మనిషి, ఇప్పుడు తన కాలి గురించి ఆలోచించింది.

"ఎక్కేటప్పుడు నేనేం చేస్తున్నాను? యాక్సిలరేటరు గట్టిగా తొక్కుతున్నాను. దిగేటప్పుడు కాలు తీసేస్తున్నాను. అంతేగా? ఉండు, పట్టుకో."

చదును రోడ్డు మీదే ఒక్కసారి పెడలు అదిమింది. కారు ముందుకి దూకింది. గాలి అద్దం మీదికి పోయింది. కాలు తీసింది. గాలి వెనక్కొచ్చింది.

"తప్పు కొండది కాదు," అంది వదిన కళ్ళు మెరుస్తూ. "నా కాలిది!"

మరదలు సీట్లోనే ఎగిరి తల కారు కప్పుకి కొట్టుకుంది. పెడలు తొక్కినప్పుడు ఇంజను పీల్పు పడిపోతుందని పుస్తకంలో ఉంది. ఆ కాసేపూ ఆదుకోవడానికి ఒక చిన్న డబ్బాలో పీల్పుని దాచిపెడతారనీ ఉంది. ఆ డబ్బాకి కాపలా ఒక బుల్లి కవాటం. ఒకవైపే దారి ఇవ్వాలి. దాచినది వెనక్కి పోకుండా మూసుకోవాలి.

ఇంటికొచ్చి ఎడమ చక్రం ఊడదీశారు. బురద రేకు వెనకాల, టెన్నిస్ బంతంత నల్ల డబ్బా కనిపించింది. డబ్బా గట్టిగానే ఉంది. దాని మూతి దగ్గరి కవాటాన్ని తీసి, కొంగుతో తుడిచి, మరదలు నోట పెట్టుకుని ఊదింది. గాలి పోయింది. తిప్పి ఊదింది. అటూ పోయింది.

"ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసే రకం వదినా ఇది. ఇదే ఇంటిదొంగ."

దొంగ దొరికింది గానీ, దాని స్థానంలో పెట్టడానికి మంచిది దొరకలేదు. రెండు రోజులు ఫోన్లు చేశారు. ఆ కారు సామాను అమ్మే దుకాణాలన్నీ ఆ మోడలు పేరు వినగానే నవ్వాయి. మూడోనాడు సాయంత్రం కవాటం భోజనాల బల్ల మీద ఉంది. అన్నయ్య చేపల తొట్టికి మేత వేసి వచ్చి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేమిటి, మన తొట్టి పంపు గొట్టానికి ఉండేది కదా? కరెంటు పోతే నీళ్ళు వెనక్కి ఎక్కకుండా పెడతారు."

ఇద్దరాడవాళ్ళూ ఆయన్ని దేవుణ్ణి చూసినట్టు చూశారు.

"ఏవండీ," అంది వదిన మెల్లిగా, "మీ చేపలకి..."

"వద్దు. అడక్కు."

కానీ పది నిమిషాల్లో ఆయనే పంపుని ఒక ఎత్తు స్టూలు మీదికి ఎక్కించాడు. నీళ్ళ కంటే పైన ఉంటే కవాటంతో పనిలేదని లెక్కేసుకున్నాడు. తన చేత్తోనే దాన్ని ఊడదీసి, కడిగి, ఆరబెట్టి, చెల్లెలి చేతిలో పెట్టాడు.

"ఒకవైపే పోతుంది. నేను పరీక్షించాను," అన్నాడు అధికారిలాగా.

ఇంజను వేడి తగలనిచోట, ఆ డబ్బా పక్కనే మరదలు దాన్ని బిగించింది. వంతెన ఎక్కారు. చల్లన. దిగారు. చల్లన. వదిన పెడలు నేలకంటా తొక్కింది. గాలి ఇసుమంతైనా కదల్లేదు. పోలీసు ఈసారి దూరంనించే చూసి, "దొరికిందా?" అని అరిచాడు. "దొరికింది!" అని ఇద్దరూ అరిచారు.

కొండ ప్రయాణం నాటికి ఎండ నిప్పులు చెరుగుతోంది. బారులో చివరి స్థానం వాళ్ళది. అందరూ అద్దాలు దించుకుని, మెడలకి తడిగుడ్డలు చుట్టుకుని ఉన్నారు. ఎర్రకారు ఒక్కటే అద్దాలెత్తుకుని పెళ్ళికూతురిలా బయల్దేరింది.

నాలుగో మలుపు దగ్గర మరదలు ఊపిరి బిగబట్టింది. గాలి చల్లగానే ఉంది. ఆరు. ఏడు. తొమ్మిదో మలుపు. కిందటేడు ఆగిన రాయి పక్కకి వచ్చింది. వదిన దాని వైపు చూడను కూడా చూడలేదు. గేరు దించి, కాలు అదిమి, ఇంజను గర్జిస్తుంటే ఆ మలుపుని ఒక్క చేత్తో తిప్పేసింది. ఎన్నివేల మందికి నేర్పిందో మలుపు తిప్పడం. తన కోసం తిప్పుకున్నది మాత్రం అప్పుడే.

ముందు లావుపాటి శిష్యుడి బండి. నెత్తిన తువాలు, మొహమంతా చెమట. అద్దంలో చూసి, చెయ్యి బయటపెట్టి దారిచ్చాడు. దాటుతున్నప్పుడు మూసిన అద్దాల వెనక పొడిగా, హాయిగా ఉన్న టీచరు మొహం చూసి నోరు తెరిచాడు. వదిన హుందాగా తలపంకించింది. ఆ తర్వాత ఇంకో ముగ్గుర్ని దాటింది.

పదమూడో మలుపులో, "అమ్మాయ్, కాస్త తగ్గించు. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి," అంది.

మరదలికి ఒక్కసారిగా నవ్వొచ్చింది, కళ్ళవెంట నీళ్ళూ వచ్చాయి. మీట ఇరవై నాలుగు మీదికి తిప్పింది. కారు చెప్పినమాట విని, చక్కగా ఇరవై నాలుగుకి వచ్చి నిలబడింది.

పైన హోటలు ముందు తలుపులు తీయగానే చల్లదనం బయటికి పొర్లింది. జనం మూగారు. కొందరు తలలు లోపల పెట్టి మరి తీయలేదు. దారిలో ఆగిన బండ్లకి సాయం చేయడానికి వచ్చిన కంప్రెసర్ కూడా దగ్గరికి చేరాడు. మరదలు ఇచ్చిన పాత కవాటాన్ని ఇటు ఊదాడు, అటు ఊదాడు.

"ఎలా పట్టుకున్నారమ్మా?"

"విన్నానండీ. కాలి సంగతి మాత్రం వదిన చెప్పింది."

"నేను ఇన్నేళ్ళనించీ చూస్తున్నాను గానీ, ఎప్పుడూ వినలేదు," అన్నాడతను. కవాటాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఇది నాకు ఉంచండి. మా షెడ్డులో గోడకి తగిలిస్తాను."

వదిన కాఫీ కప్పు పట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ వేలెత్తి చూపిస్తూ, "మా మరదలు! మా మరదలే చేసింది!" అని చెప్తూనే ఉంది. ఎవరో ఇంకో పాతకారాయన, తన బండిలోనూ ఏదో టకటక మంటుందని, మరదల్ని బతిమాలుతున్నాడు.

అప్పుడే కార్లవాళ్ళ చుట్టాల్ని ఎక్కించుకున్న బస్సు వచ్చింది. అన్నయ్య దిగాడు. చొక్కా పిండితే బకెట్టు నిండేలా ఉంది. ఆయన ఆ కారులో ఒక్కనాడూ కూర్చోలేదు. వదిన పక్క తలుపు తెరిచి పట్టుకుంది.

"రండి. మీ కవాటమే కదా."

"రెండే సీట్లున్నాయి. మరి చెల్లాయి?"

"నేను బస్సులో వస్తాలే అన్నయ్యా," అంది మరదలు.

ఆయన వంగి, మోకాళ్ళు ముడిచి, ఎలాగో లోపలికి దూరాడు. తలుపు మూసుకుంది. అద్దం వెనక ఆయన మొహంలో ముందు అనుమానం, తర్వాత ఆశ్చర్యం, ఆ తర్వాత మరదలు చిన్నప్పటినించీ ఎరగని ఒక వెడల్పాటి నవ్వు కనిపించాయి.

దిగేటప్పుడు బస్సులో ఉక్కపోత. మరదలు కిటికీ పక్కన, చెమట తుడుచుకుంటూ కూర్చుంది. మూడో మలుపులో ఎర్రకారు హారన్ కొడుతూ బస్సుని దాటిపోయింది. అన్నయ్య రెండు చేతులూ గాలి వచ్చే చోట పెట్టుకుని ఉన్నాడు.

"అది మా వదిన," అంది మరదలు పక్కనున్నావిడతో, అడక్కుండానే.