నెమలి పొట్ట

అందమైన వీధి బహుమతి కొట్టుకురావాలని ఆ వీధి పెద్దలు పూనకం పట్టినట్టు ఊగిపోతున్నారు. గోడలకు రంగులు పడ్డాయి. చెత్తకుండీ పక్కసందు పాలైంది. మలుపు దగ్గర నేలమీద రంగురాళ్ల నెమలి పురి విప్పింది. అంతా సుందరీకరణ సంఘం ప్రెసిడెంటు ప్రతాపమే. నెమలి వేసింది సరిగ్గా మురుగుకాలువ మ్యాన్‌హోల్ మీద. మూతకి చోటు వదలమంటారా అని మేస్త్రీ అడిగితే, "నెమలి పొట్టకి చిల్లు పెడతావా ఏంట్రా?" అని కసిరాడు ప్రెసిడెంటు. చుట్టూ ఉన్నవాళ్లు కడుపుబ్బ నవ్వారు.

జడ్జీలు వచ్చే రోజు పొద్దున్నే, మలుపులో పల్లాన ఉన్న గదిలోకి మురుగు ఎగదన్నింది. ఆ గది ప్రెసిడెంటు తమ్ముడి భార్యది. మొగుడు లారీ తోలుకుంటూ ఊళ్లు పట్టుకు తిరుగుతుంటే, ఆమె అక్కడే మిషను పెట్టుకుని సంసారం లాక్కొస్తోంది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి దొంతులు పేర్చింది. ఆ రోజే ఇవ్వాలి. ఇవ్వకపోతే బడివాళ్లు ఇంకెప్పుడూ ఆమె గడప తొక్కరు. దొంతుల్లో అడుగువి అప్పటికే నల్లగా నానిపోయాయి.

మిగిలినవి మంచం మీదికి ఎత్తి, వీధిలోకి పరుగెత్తింది.

"బావగారూ, ఆ రాళ్లు తవ్వించి మూత తీయించండి. ఇల్లంతా మురుగే!"

"సాయంత్రం దాకా ఓర్చుకోమ్మా. జడ్జీలు వచ్చిపోనీ. తలుపేసుకో, వాసన బయటికి రాకుండా."

"లోపలుండేది మనిషి కాదా?"

"మన వీధి పరువు తల్లీ!"

"పరువు మీకు, పెంట నాకా? పంపకం బాగానే చేశారు!"

ఆయన జేబులోంచి సెంటు సీసా తీశాడు. "ఇది చల్లు. గులాబీ వాసన."

ఆమె సీసా అందుకోలేదు. మేస్త్రీ వదిలేసిన గునపం అందుకుంది. మొదటి పోటు నెమలి పొట్టలోనే దిగింది.

"అమ్మో, నెమలి!"

ఇల్లు మునుగుతోందంటే ఒక్క గొంతూ లేవలేదు. రాయి పగలగానే వీధి వీధంతా గుండెలు బాదుకుంది.

"పిచ్చెక్కిందా నీకు? మావాణ్ణి రానీ, చెప్తా!" ప్రెసిడెంటు చిందులు తొక్కాడు.

"రానీండి. ఆయనకీ ఓ గునపం ఇస్తా."

రాళ్లు లేచాయి గానీ ఇనుపమూత కదల్లేదు. ఇంతలో మేడ మీంచి తోడికోడలు దిగొచ్చింది.

"నువ్వెందుకే? లోపలికి పో!" అన్నాడు ప్రెసిడెంటు పెళ్లాంతో.

"మీ బోడి బహుమతి గోల వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. అటు పట్టు చెల్లీ!"

మూత లేచింది. ఎవరో పొడుగాటి వెదురు కర్ర తెచ్చి లోపల కెలికారు. గుడగుడమంటూ గదిలోని మురుగు వెనక్కి తగ్గింది.

వీధి మొదట్లో కారు హారను మోగింది.

"ఆ గుంత మీద ఏదైనా కప్పండి! జడ్జీల కోసం తెచ్చిన తివాచీ తెండి!" గొంతు చించుకున్నాడు ప్రెసిడెంటు.

ఆమె గదిలోకి వెళ్లి, మురుగోడుతున్న యూనిఫారాలను చేతుల నిండా ఎత్తుకొచ్చి, ఆయన తెల్లచొక్కాకి అదిమిపెట్టింది.

"ముందు ఇవి ఉతకాలి బావగారూ. నడవండి, కుళాయి దగ్గరికి!"

జడ్జీలు కారు దిగారు. వాళ్లకి నమస్కారం పెడదామంటే ప్రెసిడెంటుకి చేతులు ఖాళీ లేవు.